క్రొత్త దంపతుల శీతకాలపు ప్రయాణము



క్రొత్తగా పెండ్లియైన ఇద్దరు పెద్దల తోడు లేక నాలుగు దినములు ఎచ్చటికైన పోయి వచ్చుటను ఈ కాలమున హనీమూను అనుచున్నారు. దానికి సరియైన తెలుగుమాట నాకు దొరకలేదు. మనకు మనుగుడుపులు ఉన్నవి, మూడు నిద్రలు ఉన్నవి, సంక్రాంతికి క్రొత్త అల్లుని పిలుచుకొనుట ఉన్నది. వీనిలో దేనియందును ఆ యిద్దరు ఒంటరిగా కూర్చుండు గడియ లేదు. అల్లుని చుట్టును బావమరదులు, మరదండ్రు. పిల్ల చుట్టును పినతల్లులు, మేనత్తలు. మాటాడుకొనవలసిన యిద్దరు తప్ప తక్కినవారందరును మాటాడుదురు.

గడచిన మార్గశిరమున మా మనుమరాలికి వివాహమైనది. దానికి నెల దినములు ముందు ఆ పిల్ల నా మంచముకడకు వచ్చి, "తాతయ్యా, పెళ్లయ్యాక మేమిద్దరం ఫ్రాన్సు పల్లెటూళ్లకు వెళ్లొస్తాం. అమ్మతో నువ్వే చెప్పాలి" అన్నది. పిల్ల కళాశాలలో ఫ్రెంచిభాష రెండేండ్లు చదివినది. పెండ్లికుమారుడు హైదరాబాదున కొలువులో ఉన్నాడు. తొమ్మిది దినములు సెలవు దొరకినది. నేను ఆలోచింపకయే వలదంటిని. కారణమడిగిన, 1977 అంటిని. మా యింట ఆ సంవత్సరము పేరెత్తిన పిదప ఎవ్వరును మారు పలుకరు.

ఆ సంగతి మీకును చెప్పవలెను. 1977 వైశాఖమున నాకు పెండ్లియైనది. మాది గుడివాడ దాపున నొక గ్రామము. నా భార్య పినతల్లిని దివిసీమలో కోడూరు వైపున ఇచ్చిరి. ఆ కార్తికమున మేమిద్దరమును నవంబరు 18వ తేదీ శుక్రవారము బయలుదేరి, ఆమె యింట దిగి, హంసలదీవికడ కృష్ణ సముద్రమున కలియుచోట స్నానము చేసి, సోమవారమునకు మరలి రావలెనని అనుకొంటిమి. మా తండ్రిగారు ఒప్పుకొనలేదు. "పెళ్లయి ఏడాది తిరక్కుండా ఇద్దరే ఊళ్లంట తిరిగితే నలుగురూ ఏమనుకుంటారు? మాఘపౌర్ణమికి అందరం కలిసి పోదాం" అనిరి. నేను ముఖము ముడుచుకొంటిని. నా భార్య సర్దిన పెట్టెను మరల విప్పినది.

మరునాడు, 19వ తేదీ శనివారమున, ఉప్పెన వచ్చెను. సముద్రము దివిసీమ తీరమున మైళ్లకొలది లోపలికి వచ్చి ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టెను. చనిపోయినవారు పదివేలకు పైబడిరి. పినతల్లిగారి యింట ఒక్కరును మిగులలేదు. మేము పోయియున్నచో మేమును మిగిలియుండము.

నాటినుండి మా తండ్రిగారి మాట మా యింట వేదమైనది. మా కుమారుడు పెండ్లియైన క్రొత్తలో అరకు పోయెదమనగా ఆ మాటయే చెప్పి ఆపితిని. కుమార్తె విషయమునను అంతియే. ఇన్నేండ్లుగా ఎవ్వరును ఎదురాడలేదు గనుక ఈమారును అట్లే జరుగునని అనుకొంటిని. కాని నా భార్య వంటయింటినుండి వచ్చి గుమ్మమున నిలిచినది.

"మావగారికి ఉప్పెన వస్తుందని తెలిసి వద్దన్నారా? నలుగురూ నవ్వుతారని వద్దన్నారు. మనం బతకడం మన అదృష్టం. దాన్ని తీసుకెళ్లి ఆయన మాట కింద జమ వేసి కూర్చున్నారు. పోయింది మా పిన్ని. ఆవిడ పేరు చెప్పి పిల్లల్ని ఆపకండి."

నాకు ఉత్తరము తోచలేదు. ఆనాడు పెట్టె విప్పినప్పటినుండియు ఈ మాట ఆమె మనసులో ఉన్నట్లున్నది. మరునాడు పెండ్లికుమారుని పిలిపించి, కాగితము కలము తీసికొని నలుగురమును కూర్చుంటిమి.

మొదట ఫ్రాన్సు లెక్కయే వేసితిమి. షెంగెను వీసాకు దరఖాస్తు పెట్టిన, నిర్ణయమునకు సామాన్యముగా 15 దినములు పట్టును. 30,000 యూరోలకు తక్కువ గాని వైద్యబీమా ఉండవలెను. దిగు వసతికిని, మరలి వచ్చు టిక్కెట్టునకును ఋజువులు చూపవలెను. పెండ్లిపిలుపుల నడుమ ఈ కాగితములు కూర్చుట ఎట్లన్నది అటుంచుడు. తొమ్మిది దినములలో వ్రతమునకు, మనుగుడుపులకు నాలుగు పోవును. రాకపోకలకు రెండు. మిగులునవి మూడు. ఆ మూడును ఎట్టివి? డిసెంబరులో అచ్చట ఉదయము ఎనిమిదిన్నర వరకు ప్రొద్దు పొడవదు. సాయంకాలము అయిదు గంటలకే అస్తమించును. ద్రాక్షతోటలు ఆకు రాల్చి మోడులై యుండును. పల్లెలలో బసయిచ్చు ఇండ్లు పెక్కు శీతకాలమున మూసివేయుదురు. స్వంత బండి లేనిదే ఒక పల్లెనుండి మరియొక పల్లెకు పోవుట కష్టము. ఆదివారము నాడు బస్సులు మరియు తక్కువ. ఆల్సేసు సీమలో కోల్మారు మొదలైన చోట్ల క్రిస్మసు పండుగ అంగళ్లు మాత్రము ఆ ఋతువున చూడదగినవే. అందని పండ్లు పుల్లనని నేనిట్లు చెప్పుటలేదు. పెండ్లికుమారుడే తుదకు, "తాతగారూ, అక్కడికి మే నెలలో పదిహేను రోజులు పెట్టుకుని వెళ్లాలండి" అనెను. ఆ ప్రయాణమునకు నా వంతు సొమ్ము వేరుగా తీసి ఉంచితిని. అయినను మా పిల్ల కన్నులు నిండినవి.

అప్పుడు నాకు తోచినది: "అమ్మడూ, ఫ్రాన్సు మన బందరులోనే ఉండేదే!"

ఇది వట్టి ఓదార్పు కాదు. ఫ్రెంచి వర్తకులు 1669లో మచిలీపట్టణమున కోఠీ పెట్టిరి. 1750 మొదలు పట్టణమే వారి వశమైనది. 1759 ఏప్రిలులో ఇంగ్లీషువారి కర్నల్ ఫోర్డు రాత్రివేళ కోటపై దాడి చేసి పట్టుకొనెను. రాజ్యము పోయినను కోఠీకి చెందిన కొంచెము నేల ఫ్రెంచివారికి మిగిలినది. దానిపై హక్కును వారు 1947 అక్టోబరులో గాని వదలుకొనలేదు. అనగా మనకు స్వాతంత్ర్యము వచ్చిన పిదపను కొన్ని వారములు బందరులో కొంత మన్ను ఫ్రాన్సుదే! ఫ్రెంచిపేట అను పేరు నేటికిని ఉన్నది. ఇది విని పిల్ల నవ్వినది. పని అచ్చటినుండి సాగినది.

మొదటి దినము గుడివాడలో ఉదయపు రైలెక్కి పెడనలో దిగవలెను. అచ్చట కలంకారీ అద్దకము చూడవచ్చును. కరక్కాయ పొడి పాలలో కలిపి బట్టను తడిపి ఆరవేయుదురు. బెల్లపు నీట తుప్పుపట్టిన ఇనుము నానవేసి నలుపు తీయుదురు. పటిక అద్దినచోట ఎఱుపు పట్టును. టేకు అచ్చు బట్టపై పడు చప్పుడు వినుచు ఒక పూట గడపవచ్చును. సాయంకాలమునకు బందరు. అచ్చట ఫ్రెంచిపేట, డచ్చివారి గోరీలు చూచి, లడ్డు కట్టించుకొని, రాత్రి బస. రెండవనాడు తెల్లవారుజామున మంగినపూడి. సముద్రము అచ్చట లోతు తక్కువ, కాలిక్రింద నల్లని మెత్తని మన్ను. అచ్చటినుండి చల్లపల్లి మీదుగా దివిసీమ.

దారిలో మోపిదేవి అని నేను వ్రాసితిని. సుబ్రహ్మణ్యేశ్వరుని సంతానము కోరి కొలుచుట మీరెరుగుదురు. నా భార్య కలము తీసికొని కొట్టివేసినది. "పెళ్లయి వారం కాలేదు. దర్శనానికి ఆగాలనిపిస్తే వాళ్లే ఆగుతారు" అన్నది. దానికి బదులు ఘంటసాల వ్రాసితిమి. బౌద్ధస్తూపము చూచుటకు ఎవ్వరికిని ఏ కోరికయు ఉండనక్కరలేదు గదా!

అవనిగడ్డలో మా దూరపు బంధువులు తమ యింటనే దిగవలెనని పట్టుబట్టిరి. అదియే అన్నిటికంటె కష్టమైన పని. వారి యింట దిగినచో మరల మనుగుడుపులే. అద్దెగది తీసికొందురని చెప్పి, వారి కోపము నేను భరించితిని.

మూడవ, నాలుగవ దినములకు నాగాయలంక, హంసలదీవి. శీతకాలము మన దివికి వచ్చిన పెండ్లికళ. కోతలు నడుచుచుండును, కోతకు ముందే వరిలో చల్లిన మినుము మోళ్ల నడుమ రెండాకులు వేసియుండును. నగరమున పెరిగిన అల్లుడు దానిని ఎన్నడును చూడలేదు. కాలువలపై ప్రొద్దెక్కువరకు మంచు విడువదు. మడ అడవులలో వలసపక్షులు దిగియుండును. పడవ ఎక్కుటకు ఉదయమే మంచిదని వ్రాసితిని. సంగమమున ప్రవాహము మోసము చేయును గనుక లోతునకు దిగరాదనియు, చీకటి పడకముందే మరలవలెననియు వ్రాసితిని. వాతావరణశాఖవారి హెచ్చరిక చూడనిదే బయలుదేరరాదను మాట క్రింద రెండు గీతలు గీచితిని. నేడు వాయుగుండము వార్త కొన్ని దినములు ముందే తెలియుచున్నది. భయమునకు చేయదగిన మర్యాద అంతవరకే.

టెలిఫోను విషయమున నా భార్య ఒక కట్టడి చేసినది. మనము చేయరాదు, రాత్రికి ఒక్కమారు వారే చేయుదురు. మా కోడలు రెండు దినములు ఓర్చుకొన్నది. మూడవనాడు పెరటిలోనికి పోయి రహస్యముగా చేసినది, పిల్ల ఎత్తలేదు. ఆ సాయంకాలమంతయు మా యింట ఎవ్వరికిని అన్నము సయించలేదని ఒప్పుకొనవలెను. రాత్రి ఎనిమిదింటికి పిల్లయే మాటాడినది. పడవలో ఉండగా సంకేతము అందలేదట.

నాలుగవనాడు ఆమె హంసలదీవినుండి నాయనమ్మతోనే మాటాడెదనన్నది. నేను ప్రక్కనే కూర్చున్నాను. నా భార్య అడిగినది ఒక్కటే: "నది నీళ్లూ సముద్రం నీళ్లూ కలిసేచోట రంగు తెలుస్తుందా?" తెలియునని పిల్ల చెప్పినది. కొంత దూరము రెండు రంగులును వేర్వేరుగా కనబడునట. పిన్ని పేర దోసెడు పూలు విడిచితినని కూడ చెప్పినది. నా భార్య ఫోను నా చేతికిచ్చి లోపలికి పోయినది.

ఈ మాఘమున మేమిద్దరమును హంసలదీవి పోవుచున్నాము. తోడు వచ్చెదనని మా కుమారుడు అన్నాడు. వలదంటిమి.