పేజీ మనదే, తాళంచెవి ఎవరిది?

(మహిళా సంఘాల కార్యకర్తల కోసం నల్లకుంటలో పదిరోజులపాటు జరిగిన వెబ్‌సైట్ల తయారీ శిక్షణ ముగింపు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం.)



పదిరోజుల కిందట ఈ గదిలోకి అడుగుపెట్టినప్పుడు మీలో చాలామంది అన్న మాట ఒకటే. "మాకు కంప్యూటర్ రాదు మేడమ్, అవన్నీ మా అబ్బాయి చూసుకుంటాడు." ఈ రోజు మీ సంఘాలన్నిటికీ తలా ఒక వెబ్‌సైటు తయారై ఈ గోడమీద కనిపిస్తోంది. ఫోన్ నంబరు, న్యాయసలహా ఇచ్చే వేళలు, కరపత్రాలు అన్నీ అందులో ఉన్నాయి. ఇది సంతోషించాల్సిన విషయమే. అయితే ముగింపు సభల్లో ఒకరినొకరు మెచ్చుకుని, సర్టిఫికెట్లు తీసుకుని వెళ్లిపోవడం మనకు అలవాటైపోయింది. ఇవాళ అలా కాకుండా, ఈ పదిరోజుల్లో ఏం నేర్చుకున్నాం, ఏం నేర్చుకోకుండా వదిలేశాం అని కాస్త ఆలోచిద్దాం.

నేను ఈ పని నేర్చుకున్నది 2003లో. ఉస్మానియాలో సోషియాలజీ ఎం.ఏ. పూర్తిచేసి పరిశోధనకు సిద్ధమవుతున్న రోజులవి. క్యాంపస్‌లోని లేడీస్ హాస్టల్ నుంచి అడిక్‌మెట్ మీదుగా నల్లకుంట వచ్చి ఒక కంప్యూటర్ సెంటర్లో చేరాను. పొద్దుటి బ్యాచ్‌లో టైపింగ్, ఆఫీసు పనులు నేర్పేవారు. అందులో అందరూ ఆడపిల్లలే. వెబ్ డిజైనింగ్ సాయంత్రం బ్యాచ్‌లో. అది ముగిసేసరికి హాస్టల్ గేటు మూసే వేళయ్యేది. ఆ కోర్సు ఆడపిల్లలకు వద్దని అక్కడ ఎవరూ అనలేదు. టైము అలా పెట్టారు, అంతే. నేను వారానికి రెండు రోజులు తార్నాకలో ఉండే స్నేహితురాలి ఇంట్లో పడుకుని ఆ కోర్సు పూర్తిచేశాను. అలాంటి స్నేహితురాలు లేనివాళ్లు టైపింగ్ దగ్గరే ఆగిపోయారు. మన మధ్య ఈ పదిరోజులూ మూడున్నర కాగానే పిల్లల స్కూలు బస్సు కోసం లేచి వెళ్లినవాళ్లు ఉన్నారు. వాళ్లకు పాఠం మళ్లీ మర్నాడు పొద్దున చెప్పుకున్నాం కదా. శిక్షణ అంటే ఆ మాత్రం సర్దుబాటు ఉండాలని నేను అప్పుడే అనుకున్నాను.

అంతకుముందు వెబ్ పేజీ తయారు చేయాలంటే హెచ్‌టీఎంఎల్ అనే గుర్తుల భాష రాయాల్సి వచ్చేది. ఇది శీర్షిక, ఇక్కడ బొమ్మ రావాలి, ఇది నొక్కితే ఫలానా పేజీకి పోవాలి అని ప్రతిదానికీ ఒక గుర్తు. విజువల్ ఎడిటర్లు ఆ శ్రమను తగ్గించాయి. ఉత్తరం టైపు చేసినట్టు టైపు చేసి, బొమ్మను మౌస్‌తో పట్టుకుని కావలసినచోట పెడితే వెనకాల గుర్తులన్నీ సాఫ్ట్‌వేరే రాసుకుంటుంది. వర్మీర్ టెక్నాలజీస్ అనే సంస్థ తయారుచేసిన ఫ్రంట్‌పేజ్‌ను మైక్రోసాఫ్ట్ 1996 జనవరిలో కొనుక్కుంది. 1997 డిసెంబరులో మాక్రోమీడియా వాళ్ల డ్రీమ్‌వీవర్ వచ్చింది. నేను నేర్చుకున్నది ఈ రెండూ. ఫ్రంట్‌పేజ్ 2006లో ఆగిపోయింది. డ్రీమ్‌వీవర్ 2005లో అడోబీ చేతికి వెళ్లింది. 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్‌లో 2018 డిసెంబరు నుంచి పేజీని ముక్కలుగా పేర్చుకునే పద్ధతి వచ్చింది. మీరు ఇప్పుడు నేర్చుకున్నది అదే. అంటే సాఫ్ట్‌వేరు పేర్లు మారుతూనే ఉంటాయి. ఏ బటన్ ఎక్కడుందో గుర్తుపెట్టుకుని మురిసిపోతే ఐదేళ్లలో ఆ చదువు పాతబడిపోతుంది. పాతబడని విషయాలు వేరే ఉన్నాయి.

వాటిలో మొదటిది, రాసే హక్కు. 1990లో సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ తయారుచేసిన మొట్టమొదటి బ్రౌజర్‌లో పేజీని చదవడంతోపాటు దిద్దడానికీ రాయడానికీ వీలుండేది. తర్వాత జనంలోకి విరివిగా వెళ్లిన బ్రౌజర్లు చదవడానికే పనికొచ్చాయి. రాయడం నిపుణుల పని అయిపోయింది. ఒకరు రాస్తే మిగతావాళ్లు చదవాలనే ఈ విభజన ఆడవాళ్లకు కొత్తేమీ కాదు. అక్షరాలు కూడబలుక్కుని పురాణం చదువుకుంటే చాలు, రాత నేర్పితే ఉత్తరాలు రాస్తుందన్న భయం మన అమ్మమ్మల ఇళ్లలో ఉండేది. భండారు అచ్చమాంబ (1874-1905) బడికి వెళ్లి చదువుకోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. ఆమె చదవడంతోనే ఆగిపోయి ఉంటే 'అబలా సచ్చరిత్ర రత్నమాల' మనకు దక్కేది కాదు. మన నగరంలోనే స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పింది చెప్పినట్టు అచ్చులోకి వచ్చింది. ఎవరో మన గురించి రాసేదాకా ఆగకుండా మనమే పుస్తకం వేసుకోవడం అప్పుడు ఎంత ముఖ్యమైందో, మన పేజీ మనం తయారుచేసుకోవడం ఇప్పుడు అంత ముఖ్యం.

కానీ తయారుచేసినంత మాత్రాన అది మనదైపోతుందా? నా అనుభవం ఒకటి చెబుతాను. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ చట్టాన్ని సులభమైన తెలుగులో వివరిస్తూ నేను పనిచేసే సంఘం ఒక వెబ్‌సైటు పెట్టింది. పేజీలు నేనే తయారుచేశాను. రంగులు, బొమ్మలు, అక్షరాల సైజులు అన్నీ నావే. డొమైన్ పేరు రిజిస్టర్ చేయడం, డబ్బు కట్టడం మాత్రం 'టెక్నికల్ పని' అని, తెలిసిన ఒక అబ్బాయికి అప్పజెప్పాం. అతను మంచి మనసుతోనే చేశాడు, పైసా తీసుకోలేదు. తన పేరుతో, తన ఈమెయిల్‌తో రిజిస్టర్ చేశాడు. కొన్నేళ్లకు విదేశాలకు వెళ్లిపోయాడు. గడువు ముగుస్తోందని వచ్చిన హెచ్చరికలన్నీ అతను చూడటం మానేసిన ఈమెయిల్‌కే వెళ్లాయి. పేరు గడువు తీరిపోయింది. దాన్ని ఇంకెవరో కొనుక్కుని జూదం ప్రకటనలు పెట్టారు.

మాకు ఆ సంగతి తెలిసింది ఒక అక్క వల్ల. ఆవిడ మా పాత కరపత్రం కొంగున ముడేసుకుని వచ్చింది. "ఇందులో అడ్రసు నెట్ సెంటర్లో కొట్టించిన మేడమ్, పేకాట వచ్చింది. వెనక కూసున్న పోరలు నవ్విన్రు. సిగ్గయి లేచి వచ్చిన" అంది. ఆ తర్వాత మా ఆఫీసు వెతుక్కుని రావడానికి ఆవిడకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ ఆవిడ ఆ ఇంట్లోనే దెబ్బలు తింది. నేను ఎంతో శ్రద్ధగా పెట్టిన రంగులు ఆవిడకు ఏం పనికొచ్చాయి?

మరి ఆ పని మేం ఎందుకు వదిలేశాం? అందంగా అమర్చడం ఆడవాళ్ల పని, లోపలి యంత్రం మగవాళ్ల పని అనే శ్రమవిభజన మనలోనూ ఉంది కాబట్టి. నిజానికి 1946లో అమెరికాలో ఎనియాక్ కంప్యూటర్‌కు ప్రోగ్రాములు రాసింది ఆరుగురు స్త్రీలు. అప్పుడు యంత్రాన్ని తయారుచేయడం గొప్ప పని, ప్రోగ్రాము రాయడం గుమాస్తా పని అనుకున్నారు. ప్రోగ్రామింగ్‌కు గౌరవం, జీతం పెరిగాక అది మగవాళ్ల పని అయింది. ఇవాళ 'డిజైనింగ్ అమ్మాయిలకు సరిపోతుంది' అంటున్నారు. పని విలువను బట్టి దాని లింగం మారుతూ వస్తోందన్నమాట.

మొన్న నాలుగో రోజున మనమందరం అకౌంట్లు తెరిచాం, గుర్తుందా? ఓటీపీ కోసం ఎదురుచూస్తుంటే గదిలో ఒక్క ఫోనూ మోగలేదు. మీలో తొమ్మిదిమంది భర్త నంబరో, కొడుకు నంబరో ఇచ్చారు. అవి ఇళ్లలో, ఆఫీసుల్లో మోగుతున్నాయి. మనమంతా పడీపడీ నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వకుండా ఆలోచించండి. గృహహింస మీద పనిచేసే సంఘం వెబ్‌సైటు తలుపు ఒక భర్త జేబులోంచి తెరుచుకుంటోంది. ఆయన మంచివాడే కావచ్చు. అయినా తాళంచెవి సంఘానిదే కావాలి. సంఘం పేరుతో ఒక ఈమెయిల్, సంఘం నంబరు, ఇద్దరు సభ్యుల దగ్గర పాస్‌వర్డు, డొమైన్ గడువు తేదీ మినిట్స్ పుస్తకంలో. మొత్తం సైటు నకలు ఒకటి వేరే డిస్కులో. వీటికి ఏ డిగ్రీ అక్కర్లేదు.

ఇక తెర చూపించని సంగతులు. మా పాత సైటు పోయాక, సీడీలో దాచిన కరపత్రాలు తెరిచి చూస్తే అంతా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు. అప్పట్లో మేం డీటీపీ ఫాంట్లు వాడేవాళ్లం. అవి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చిన ఫాంట్లు. ఆ ఫాంటు ఉంటేనే అది తెలుగు, లేకపోతే కాదు. వెతికినా దొరకదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. విజువల్ ఎడిటర్లో రెండూ ఒకేలా కనిపించడంతో తేడా మాకు తెలియలేదు. ఇద్దరు విద్యార్థినులతో కలిసి కరపత్రాలన్నీ మళ్లీ టైపు చేయాల్సి వచ్చింది. అందుకే, పెట్టే ప్రతి అక్షరమూ యూనికోడ్‌లో పెట్టండి.

మీరు తయారుచేసిన పేజీల్లో మొదటిరోజు ఒక విచిత్రం చూశాం. రెడీమేడ్ టెంప్లేట్‌లో 'స్త్రీ' అని పెద్ద శీర్షిక పెడితే కింది ఒత్తు తెగిపోయింది. ఆ టెంప్లేట్‌లో వరుసల మధ్య ఎడం ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేలా పెట్టారు. ఇంగ్లీషుకు ఒత్తులు లేవు కదా. వరుసల ఎడం పెంచగానే మాట పూర్తిగా కనిపించింది. టెంప్లేట్ అంటే ఎవరో ఒకరు తమ భాషనూ తమ పాఠకులనూ మనసులో పెట్టుకుని చేసిన నిర్ణయాల మూట. అందులో వచ్చే బొమ్మలూ అంతే. 'మహిళ' అని వెతికితే ముఖం మీద చెయ్యి అడ్డుపెట్టుకుని మూల కూర్చున్న ఆడమనిషి. మన దగ్గరకు వచ్చే స్త్రీలు ఎప్పుడూ అలాగే ఉంటారా? బీడీలు చుట్టేవాళ్లు, పెన్షన్ కోసం ఆఫీసులో గట్టిగా మాట్లాడేవాళ్లు ఆ బొమ్మల్లో ఎందుకు లేరు? టెంప్లేట్ ఇచ్చింది వాడుకోండి, కానీ దాన్ని మార్చే ధైర్యం తెచ్చుకోండి.

బొమ్మ పెట్టేటప్పుడు అడిగే 'ఆల్ట్ టెక్స్ట్' గడిని అందరూ ఖాళీగా వదిలేశారు. చూపులేని స్త్రీ తన ఫోనులో పేజీని చదివించుకుని వింటున్నప్పుడు ఆ గడిలో రాసిందే ఆమెకు బొమ్మ. అలాగే శీర్షికను ఉత్తినే లావు అక్షరాలు చేయకండి, 'హెడింగ్' అని ఎంచుకోండి. కంటికి రెండూ ఒకటే. వినేవాళ్లకు మాత్రం ఒకదానిలో దారి ఉంటుంది, రెండోదానిలో ఉండదు.

భద్రత విషయం మరీ ముఖ్యం. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి తీసిన ఫోటో ఫైలులో అది తీసిన చోటు నమోదై ఉంటుంది. ఆశ్రయగృహం వరండాలో తీసిన సంక్రాంతి ముగ్గుల ఫోటో పెడితే ఆ ఇంటి చిరునామా కూడా బయటపెట్టినట్టే కావచ్చు. లైంగిక హింసకు గురైన స్త్రీ ఎవరో తెలిసేలా ప్రచురించడం నేరం. ఇదివరకు ఐపీసీలో 228-ఎ ఉండేది, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షను. పేరు తీసేసి ఊరు, కులం, భర్త ఉద్యోగం రాసినా మనిషి తెలిసిపోతుంది. పేజీ మీద 'వెంటనే బయటికి' అనే బటన్ పెట్టిన మిత్రులను అభినందిస్తున్నాను. అయితే ఆ బటన్ నొక్కినా ఫోనులో చూసిన పేజీల జాబితా చెరిగిపోదు. ఆ మాట కూడా బటన్ పక్కనే రాయండి.

మన పాఠకులు ఎవరో కూడా మరిచిపోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు 57.1 శాతమైతే స్త్రీలు 33.3 శాతమే. తెలంగాణలో స్త్రీలు 26.5, ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఇంట్లో నలుగురు వాడే ఒక్క ఫోను, సగం పగిలిన తెర, మిగిలిన కాస్త డేటా, ఇదే చాలామంది ఆడవాళ్ల ఇంటర్నెట్. కదిలే బొమ్మలతో బరువెక్కిన పేజీ అక్కడ తెరుచుకోదు. ఫోన్ నంబరు అన్నిటికంటే పైన, నొక్కగానే కాల్ వెళ్లేలా ఉండాలి. అది ఉన్నాకే మిగతా అలంకారాలు.

విజువల్ ఎడిటర్ వద్దని నేననడం లేదు. అది లేకపోతే ఈ గదిలో మనం ఇంతమందిమి ఉండేవాళ్లం కాదు. 'నిజమైన పని కోడ్ రాయడమే, ఇదంతా బొమ్మలాట' అని చిన్నచూపు చూసేవాళ్ల మాట పట్టించుకోకండి. కానీ వారానికి ఒక్కసారైనా వెనక ఉన్న గుర్తులను తెరిచి చూడండి. ఇప్పుడు నోటిమాటతో చెబితేనే పేజీ తయారుచేసి ఇచ్చే కృత్రిమ మేధ కూడా వచ్చింది. పని ఎంత సులువైతే, లోపల ఏముందో మనకు అంత తక్కువ కనిపిస్తుంది. కాబట్టి ఏ కొత్త పనిముట్టు వచ్చినా అవే ప్రశ్నలు అడగండి. ఇది ఎవరి పేరు మీద ఉంది? తాళంచెవి ఎవరి దగ్గరుంది? రేపు మనం లేకపోతే, మన తర్వాత వచ్చే చెల్లెలు దీన్ని తెరవగలదా?

సర్టిఫికెట్లు సాయంత్రం ఇస్తాం. అంతకుముందు ఒక చిన్న పని మిగిలింది. భర్తల, కొడుకుల నంబర్లు ఇచ్చిన ఆ తొమ్మిదిమందీ అకౌంట్లు తెరవండి. నంబర్లు ఇప్పుడే, ఇక్కడే మార్చుకుందాం.