చెరువు చేపలకు పుండ్ల వ్యాధి

పంచాయతీ సభ్యులారా!

చెరువులోని చేపలు గ్రామమునకు ఆదాయమును, ఆహారమును కూడ. చలికాలమున కొరమీను, పరిగె మున్నగు చేపల ఒంటిపై ఎర్రని మచ్చలు పుట్టి, లోతైన పుండ్లుగా మారుట కలదు. ఈ వ్యాధి మన దేశమున 1988లో ప్రవేశించినది. అఫనోమైసిస్ ఇన్వేడాన్స్ అను బూజువంటి సూక్ష్మజీవి దీనికి మూలము.

నాడు చేపలు తినినవారికిని జబ్బు చేయునను వదంతి పలు తావుల వ్యాపించినది. జనులు చేపలు కొనుట మానగా, మత్స్యకారుల జీవనము దెబ్బతినినది. ఆ భయమునకు ఆధారము లేదు. ఆ సూక్ష్మజీవి 37 డిగ్రీల వేడిమిలో పెరుగజాలదు; మన దేహపు వేడిమి సుమారుగా అంతయే. అట్లని పుండుపడిన చేపను అమ్మరాదు, తినరాదు. ఆ పుండులో ఇతర క్రిములు చేరును. ఎర్రని మొప్పలు, మెరయు కన్నులు, నొక్కిన తిరిగి లేచు కండ గల చేపను బాగుగ ఉడికించి తినవచ్చును. బిడ్డలకు, గర్భిణులకు అది మంచి మాంసకృత్తుల నొసగును.

పంచాయతీ చేయవలసినదేమి? చలికి ముందే మత్స్యశాఖవారిచే నీటిని పరీక్ష చేయించి, వారు చెప్పిన మోతాదున సున్నము చల్లించవలెను. చచ్చిన చేపలను కాలువలో పారవేయక, చెరువునకు దూరముగా గోతిలో సున్నము వేసి పూడ్పించవలెను. ఒక చెరువున వాడిన వలను ఎండలో బాగుగ ఆరనీయక వేరొక చెరువున దింపనీయరాదు. చేపపిల్లలను వ్యాధి లేని చోటినుండియే తెప్పించవలెను.

వదంతి పుట్టిన నాడే దండోరా వేయించి, నిజమును ఊరివారికి తెలియజేయుడని మా మనవి.