సున్నా టికెట్టులో కనిపించని మనిషి



సంఘం కానుకల లెక్క కోశాధికారి రాస్తారు. తనిఖీ కూడా నేనే చేసుకుంటానంటే ఒప్పుకుంటామా? ఎంత నమ్మకస్థుడైనా వేరే మనిషి చూడాల్సిందే అంటాం. మరి మనం రోజూ ఎక్కే ప్రభుత్వ బస్సు విషయంలో ఆ పట్టుదల ఏమైంది?

కర్ణాటకలో 2023 జూన్ 11న శక్తి పథకం మొదలైంది. లగ్జరీ కాని బస్సుల్లో మన అక్కచెల్లెళ్ళు చార్జీ లేకుండా తిరుగుతున్నారు. మేము దాన్ని అప్పుడూ ఇప్పుడూ స్వాగతిస్తున్నాం. ఇళ్ళల్లో పాచిపని చేసుకునే తల్లికి బస్సు చార్జీ మిగిలితే బియ్యం మిగిలినట్టే. కానీ ఆ ప్రయాణానికీ ఖర్చుంది. కండక్టరు ఇచ్చే సున్నా టికెట్టును బట్టి ప్రభుత్వం కార్పొరేషన్‌కు డబ్బు కట్టాలి. అది మన పన్నుల సొమ్మే.

సున్నా టికెట్లను లెక్కపెట్టడం సులువు. బస్సు రాక, రోడ్డు పక్కన గంటసేపు నిలబడి ఇంటికి తిరిగెళ్ళిన ఆడమనిషికి మాత్రం ఏ టికెట్టూ ఉండదు. ఏ లెక్కలోనూ ఆమె లేదు.

ఆమెను లెక్కలోకి తెచ్చేది పనితీరు ఆడిట్. మామూలు ఆడిట్ రూపాయి ఎక్కడికి పోయిందని అడుగుతుంది. ఇది పొదుపుగా కొన్నారా, ఉన్నది సరిగా వాడారా అని అడిగి, చివరికి జనానికి ఏం అందిందని కూడా అడుగుతుంది. డిపోలో ఎన్ని బండ్లు చెడిపోయి ఉన్నాయి, ఎన్ని ట్రిప్పులు రద్దయ్యాయి, కాలం తీరినవి ఎన్ని తిరుగుతున్నాయి అని చూస్తుంది. మనకు ఆ చివరి ప్రశ్నే ప్రాణం. దాన్ని వదిలేస్తే, ఆదాయం రాని పల్లె ట్రిప్పును కోసేయడమే గొప్ప సామర్థ్యం అయిపోతుంది. అప్పుడు మొదట పోయేది ఊరి చివర మన వాడకు వచ్చే బస్సే. నష్టం అనగానే డ్రైవర్ల జీతాల మీద పడేవాళ్ళూ ఉన్నారు. మేము వాళ్ళతో కలవం.

ఈ ఆడిట్ చేసే అధికారం కాగ్‌ది. రాజ్యాంగంలోని 148వ అధికరణం ఆ పదవికి రక్షణ ఇచ్చింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతిలో తప్ప ఆయన్ను తీసేయలేరు. నియమించేది మాత్రం ప్రభుత్వమే, ఆ సంగతి ఇంకోరోజు మాట్లాడుకుందాం. కర్ణాటకలో 4 కార్పొరేషన్లు 1950 నాటి చట్టం కింద నడుస్తున్నాయి. తమిళనాడులో ఉన్న 8 రవాణా సంస్థలు కంపెనీలు. రెండూ కాగ్ పరిధిలోనివే. నివేదిక గవర్నరు ద్వారా శాసనసభకు వెళ్తుంది. మరునాడు పేపర్లో ఒక ముక్క వస్తుంది, అంతే, మర్చిపోతాం.

అందుకే మేము ఒక పని తలపెట్టాం. ప్రతి ఊళ్ళో తేదీ, రావాల్సిన టైము, బస్సు వచ్చిందా రాలేదా అన్నది మూడు నెలలు రాద్దాం. సమాచార హక్కు కింద డిపో నుంచి రద్దయిన ట్రిప్పుల పట్టిక అడుగుదాం. రెండూ పక్కపక్కన పెట్టి అకౌంటెంట్ జనరల్ ఆఫీసుకూ, మన ఎమ్మెల్యేకూ పంపుదాం. నోటుపుస్తకాలు ఆ బల్ల మీద ఉన్నాయి. వెళ్ళేటప్పుడు ఊరికొకటి తీసుకెళ్ళండి.