మొక్క లారీ ఎక్కకముందే ఉప్పు కడగాలి



ఉప్పు అనగానే మన డెల్టాలో ఎవరికైనా శివారు భూములే గుర్తుకు వస్తాయి. ఎండాకాలంలో మడి మీద తెల్లగా పేరుకొనే చౌడును ఎరుగనివారు మనలో లేరు. కాని ఈ ప్రసంగంలో చెప్పబోయేది ఆ ఉప్పును గురించి కాదు. సముద్రానికి దూరంగా, తీపి నీటి కాలువల పక్కన, కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి నర్సరీలలో కుండీల్లోనూ కవర్లలోనూ మన చేతులతో మనమే పోస్తున్న ఉప్పును గురించి.

"మేము ఉప్పు ఎందుకు పోస్తామండీ?" అని మీరు అడగవచ్చు. యూరియా తప్ప మనం వేసే రసాయనిక ఎరువులు దాదాపు అన్నీ లవణాలే. యూరియా కూడా మట్టిలో మారి చివరకు నైట్రేటు లవణమే అవుతుంది. ఇక బోరు నీటిలో ఉప్పు ఎలాగూ ఉంటుంది. పొలంలో అయితే వాన పడుతుంది, నీరు లోపలికి దిగుతుంది, ఉప్పు వేళ్లను దాటి పోతుంది. కుండీలో వేరుకు పోవడానికి చోటు లేదు, ఉప్పుకూ పోవడానికి చోటు లేదు. రెండూ ఒకే గదిలో కాపురం చేయాలి.

లెక్క చూడండి. మీటరు పెడితే 1.5 చూపే బోరు నీటిలో లీటరుకు సుమారు 1 గ్రాము ఉప్పు ఉంటుంది. రోజుకు ఒక లీటరు చొప్పున, అడుగున చుక్క కూడా కారకుండా, 60 రోజులు పోశారనుకోండి. ఆ కుండీలోకి సుమారు 60 గ్రాములు, అంటే పది టీ చెంచాల ఉప్పు చేరింది. అందులో సున్నం, మెగ్నీషియం వంటివి కొంత మొక్క వాడుకొంటుంది. సోడియం, క్లోరైడు మాత్రం చాలా భాగం మట్టిలోనే ఉండిపోతాయి. దీనికి మనం వేసిన ఎరువు తోడు.

అంత ఉప్పు వేరును ఏం చేస్తుంది? మాగాయ పెట్టే అక్కచెల్లెళ్లకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. మామిడి ముక్కకు ఉప్పు పట్టిస్తే మర్నాటికి ముక్కలోని నీరు బయటికి ఊరుతుంది. ఉప్పెక్కిన మట్టిలో వేరుది కూడా ఇంచుమించు అదే గతి. చుట్టూ తడి ఉన్నా వేరు నీటిని లాక్కోలేదు. మట్టి ఆరేకొద్దీ ఇబ్బంది పెరుగుతుంది. కుండీలోని నీరు సగం ఆవిరైతే, మిగిలిన సగంలో ఉప్పు గాఢత రెట్టింపు అవుతుంది.

ఇక్కడే అసలు నష్టం ఉన్నది. నర్సరీలో రోజూ తడి ఇస్తున్నంతకాలం మొక్క కళకళలాడుతూ కనిపిస్తుంది. లారీ ఎక్కి రెండు మూడు రోజులు నీరు లేక ప్రయాణం చేసేసరికి కవరు ఆరుతుంది, ఉప్పు చిక్కబడుతుంది, వేరు కొనలు మాడుతాయి. కొన్నవారు గోతిలో నాటిన వారానికి ఆకు రాలుస్తుంది. పూలమొక్క అయితే పోయేది దాని ఖరీదు. అంటుమామిడి అయితే ఆ గోతిలో కాపు రావలసిన సంవత్సరాలు పోతాయి. నర్సరీ రైతుకు మొక్క డబ్బు పోవడమే కాదు, ఆ ఊరి బేరమే పోతుంది. అందుచేత వరికి కోత ఎలాగో, నర్సరీ మొక్కకు లారీ ఎక్కే రోజు అలాగ. ఆ రోజు లోపల ఉప్పు సంగతి చూసుకోవాలి.

ఉప్పెక్కిందని తెలుసుకోవడం ఎలా? కుండీ అంచునగాని, మట్టి పైనగాని, అడుగు కన్నాల చుట్టూగాని తెల్లటి పెచ్చు కడుతుంది. ఆకుల కొనలు, అంచులు గోధుమ రంగుకు మాడుతాయి. మట్టి తడిగానే ఉన్నా మధ్యాహ్నం మొక్క వడలిపోతుంది. కొత్త చిగురు కురచగా వస్తుంది. చాలామంది దీన్ని ఆకలి అనుకొని మరో గుప్పెడు ఎరువు వేస్తారు. దాహంతో ఉన్నవాడికి ఊరగాయ పెట్టినట్లే అది. అయితే పొటాష్ లోపంలో కూడా ముదురాకుల అంచులు మాడుతాయి సుమా! కాబట్టి కంటిచూపుతో తీర్పు చెప్పకండి, కొలిచి చూడండి.

కొలిచే పద్ధతి తేలిక. ఉప్పు మీటరు, అంటే ఈసీ మీటరు, చేతిలో పట్టేంత ఉంటుంది. మామూలుగా తడి పెట్టిన గంట తరువాత, కుండీ కింద శుభ్రమైన పళ్లెం పెట్టి, పైన కొద్దిగా వాననీరుగాని ఆర్వో నీరుగాని పోయండి. కింద చిన్న కప్పుడు నీరు దిగగానే ఆపి, అందులో మీటరు ముంచండి. ఒక్క కుండీతో సరిపెట్టక, మడిలో అక్కడక్కడా పది మొక్కలకు చూడండి. మీటరును మిల్లీ సైమన్లలో చదివితే, భూసార పరీక్ష కాగితం మీద డెసీ సైమన్లలో వేసే అంకె అదే అవుతుంది. ఫెర్నులు, ఆర్కిడ్లు వంటి సుకుమారపు మొక్కలకు 2 లోపు ఉండాలి. మామూలు మొక్కలకు 3.5 దాటితే ఎరువు ఆపండి. 5 దాటితే కడగక తప్పదు. మీటరు లేనివారు బోరు నీటినైనా భూసార పరీక్షా కేంద్రంలో చూపించుకోవాలి.

ఇక కడిగే విధానం. ముందుగా అడుగు కన్నాలు తెరిచి ఉన్నాయో లేదో చూడండి. ఒండ్రుమట్టి బిగిసిపోయి నీరు దిగని కుండీని కడిగితే ఉప్పు పోకపోగా వేరు కుళ్లుతుంది. ఈ సూత్రాన్ని బాగా గుర్తుంచుకోండి: ఉప్పు నీటిలో కరిగితే చాలదు, ఆ నీరు బయటికి పోవాలి. పై పైన రోజూ చిలకరించే నీరు ఉప్పును కరిగించి వేళ్ల మధ్యకు దింపి అక్కడే ఆపుతుంది. అది మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

పైన కట్టిన తెల్ల పెచ్చును పావు అంగుళం మందాన గీకి తీసేయండి. తరువాత కుండీలో మట్టి ఎంత పడుతుందో దానికి రెట్టింపు నీరు పోయాలి. పది లీటర్ల కుండీకి ఇరవై లీటర్లన్న మాట. ఒక్కసారిగా కుమ్మరించవద్దు. మూడు వాయిదాలుగా, అరగంటకొకసారి నెమ్మదిగా పోయండి. మొదటి వాయిదా ఉప్పును కరిగిస్తుంది, తరువాతి వాయిదాలు దాన్ని తోసుకొని పోతాయి. కుండీ పళ్లెంలో నిలిచిన నీటిలో నిలబడి ఉండకూడదు. ఇటుక ముక్కల మీద ఎత్తి పెట్టండి. ఎండ ఉన్న రోజున ఉదయంపూట ఈ పని చేస్తే సాయంత్రానికి మట్టి కొంత ఆరుతుంది.

పొలంలో కూడా లెక్క ఇలాంటిదే. నీరు బాగా దిగే నేలలో ఒక అడుగు లోతు మట్టిని ఒక అడుగు నీరు దాటి పోతే, కరిగే ఉప్పులో సుమారు 80 వంతులు పోతుందని నేలల శాస్త్రం చెబుతుంది. అరడుగు నీటికి సుమారు సగం పోతుంది. సార్వా ఊడ్పులకు ముందు శివారు చేలల్లో నీరు నిలగట్టి, దమ్ము చేసి, మురుగు బోదెలోకి తీసేయడం మన పెద్దలు ఎరిగిన పనే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి ఈ గడ్డకు నీరు వచ్చింది. అయినా మురుగు కాలువ పూడిపోయిన చోట చౌడు అలాగే నిలిచింది. కుండీ అడుగు కన్నం మన మురుగు కాలువ అనుకోండి.

ఎప్పుడు కడగాలి? లారీ ఎక్కించడానికి వారం పదిరోజుల ముందు. ఎక్కించే రోజున కడిగితే మట్టి గడ్డ మెత్తబడి విరిగిపోతుంది, బరువూ పెరుగుతుంది. కడిగిన తరువాత ఎరువు వేయకండి. బేరం వాయిదా పడి మొక్క మరో రెండు వారాలు ఉండిపోతే, అప్పుడు సగం మోతాదు ఇవ్వండి. ఎందుకంటే ఉప్పుతోపాటు నత్రజని కూడా కొట్టుకుపోయి ఉంటుంది.

నీరు ఏదన్నది ముఖ్యం. ఉప్పు నీటితో కడిగితే మట్టిలోని ఉప్పు ఆ నీటిలోని ఉప్పుకన్నా కిందికి దిగదు. వేసవిలో దాళ్వా అయ్యాక కాలువలు కట్టేస్తారు. మళ్లీ నీరు వదిలేవరకు బోరే గతి. ఉప్పు పేరుకొనేది కూడా ఆ రోజుల్లోనే. కనుక వేసవిలో పంపవలసిన సరుకును కాలువ కట్టకముందే ఒకసారి కడుక్కోండి. తొలకరి వానలు బాగా పడితే ఆరుబయట ఉన్న మొక్కలను వానే కడుగుతుంది. పాలీహౌస్‌లో ఉన్నవాటికి ఆ భాగ్యం లేదు. వాటికి ఏడాది పొడుగునా మనమే వాన కావాలి.

కడగవలసిన అవసరం రాకుండా చూసుకోవడం ఇంకా మంచిది. ప్రతి తడిలోనూ పోసిన నీటిలో పదోవంతు అయినా అడుగునుంచి కారనివ్వండి. ఎరువు ఒకేసారి గుప్పెడు కాక, పలచగా పలుమార్లు ఇవ్వండి. కుండీలకు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడితే ఉప్పు వేడి తక్కువ. క్లోరైడు ఎక్కువైతే ఆకు సరిగా కాలదని పొగాకు రైతులు ఎప్పటినుంచో ఈ జాగ్రత్త తీసుకొంటున్నారు.

కొబ్బరి పొట్టు వాడేవారికి ఒక మాట. కోనసీమ నుంచి వచ్చే పొట్టు తేలికైనది, తడి పట్టుకొంటుంది, నారు ట్రేలకు దానికి సాటి లేదు. కాని పచ్చి పొట్టులో పొటాషియం, సోడియం క్లోరైడులు సహజంగానే ఉంటాయి. ఉప్పునీటిలో నానిన పీచు పొట్టయితే మరీ ఎక్కువ. మంచి నీటితో రెండు మూడుసార్లు నానబెట్టి, పిండి, మీటరు 1 లోపుకు, వీలైతే 0.5కు దిగేదాకా కడగాలి. కొంత సోడియం పొట్టును అంటిపెట్టుకొని ఉండి వట్టి నీటికి లొంగదు. కాల్షియం నైట్రేటు ద్రావణంలో నానబెడితే కాల్షియం దాని చోట చేరి దాన్ని బయటికి నెడుతుంది. కారుచౌడు నేలకు జిప్సం వేయడంలో ఉన్న కిటుకు కూడా ఇదే.

ఈ రోజుల్లో పట్టణాల్లో మట్టి లేకుండా, పోషక ద్రావణంలో ఆకుకూరలు పెంచుతున్నారు. ఇది కొత్త వింత కాదు. కాలిఫోర్నియాలో గెరికె 1930లలో ఈ సేద్యానికి పేరు తెచ్చారు. 1940లలో బెంగాల్‌లోని కాలింపాంగ్ ప్రాంతంలో షోల్టో డగ్లస్ దీన్ని మన దేశపు పరిస్థితులకు మలిచారు. వీరు కోతకు ముందు ద్రావణం తీసేసి వట్టి నీరు పెడుతూ ఉంటారు. దీనివల్ల లాభం ఉందా? ఆకుకూరలో ఉంది. ఆకులో నిలవైన నైట్రేటును మొక్క వాడుకొని తగ్గిస్తుంది. ఐరోపా దేశాల కూటమి 2011 నిబంధనల్లో లెట్యూస్ ఆకుకు కిలోకు 3,000 నుంచి 5,000 మిల్లీగ్రాముల వరకు, కాలాన్నిబట్టి, పెంచే చోటునుబట్టి నైట్రేటు హద్దు పెట్టింది. ఎండ తక్కువైన చలికాలపు ఆకుకు హద్దు ఎక్కువ. ఎండ లేకపోతే మొక్క నైట్రేటును వాడుకోలేదు గనుక అలా పెట్టవలసివచ్చింది. మన ముసురు రోజులకు కూడా ఇదే వర్తిస్తుంది. కాబట్టి రెండు మూడు రోజులు వట్టి నీరు పెట్టి, ఎండ కాసిన రోజున మధ్యాహ్నం తరువాత కోయండి. అంతకన్నా పొడిగిస్తే ఆకు పసుపెక్కి తూకం తగ్గుతుంది. టమాటా, మిరప వంటి కాయల్లో నైట్రేటు సహజంగానే తక్కువ. వాటిని ఈ పేరుతో పస్తు పెట్టనక్కరలేదు.

చివరగా, కడిగిన నీరు ఎక్కడికి పోతున్నదో చూడండి. అది ఎరువు నీరు. మన పల్లెల్లో కాలువ నీటితో నింపిన చెరువే చాలా ఇళ్లకు మంచినీళ్లు. తాగే నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశపు ప్రమాణం. దాటితే ముఖ్యంగా పసిపిల్లలకు ప్రమాదం. కాబట్టి ఆ నీటిని చెరువు వైపుగాని, తాగునీటి కాలువ వైపుగాని వదలవద్దు. చిన్న బోదె తీసి కొబ్బరి చెట్ల పాదులకు మళ్లించండి. కొబ్బరి కొంత ఉప్పును ఓర్చుకొంటుంది. పొటాషు, క్లోరైడు దానికి కావలసినవే. మన కుండీకి బరువైనది దాని పాదుకు భోజనమవుతుంది.

సోదరులారా! చెప్పినదంతా మూడు మాటల్లో గుర్తుంచుకోండి. కొలవండి, దిగేట్టు పోయండి, దిగిన నీటికి దారి చూపండి. కొన్నవారి దొడ్లో మన మొక్క బతికితేనే మన పంట ఇంటికి వచ్చినట్లు. సందేహం ఉంటే కుండీ నుంచి దిగిన నీటిని ఒక సీసాలో పట్టుకొని మీ రైతు సేవా కేంద్రానికి రండి. కూర్చొని చూద్దాం.