వెట్టి పని వేరు, చేతి పని వేరు

(తోలు పని నేర్చుకునే యువతీ యువకుల శిక్షణ తరగతి మొదటి రోజున చేసిన ప్రసంగ పాఠం)

 

ముందు పెద్దల ప్రశ్నకు జవాబు చెప్పాలి. "చదువుకున్న పిల్లల చేతికి మళ్లీ ఆరె, రంపె, గూటం ఇస్తారా? ఈ పని తప్పించడానికే గదా వాళ్లను బడికి పంపింది?" అంటున్నారు. న్యాయమైన ప్రశ్నే. మన తాతలు ఊరి రైతులకు చెప్పులు కుట్టారు, మోటకు తొండం కుట్టారు. దానికి ధర లేదు. కళ్లంలో ఆసామి కొలిచిందే కూలి, ఆయన దయ ఎంతుంటే అంత. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవడం మన నెత్తిన వేసిన పని. మనం కుట్టిన చెప్పులే మనం తొడుక్కుని ఆ వీధిలో నడిస్తే తప్పయింది.

అది పాత ముచ్చట అనుకోవద్దు. 2016 జులైలో గుజరాత్ లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకులను కట్టేసి కొట్టారు. అప్పుడు అక్కడి దళితులు కళేబరాలను తెచ్చి సురేంద్రనగర్ కలెక్టరాఫీసు ముందు పడేశారు. "మీ గొడ్డును మీరే ఎత్తుకోండి" అన్నట్టు చెప్పారు. ఆ మాట మనదీ. ఇక్కడ ఎవరికీ గొడ్డును మోయడం నేర్పం. కులం పేరు చెప్పి ఎవరినీ ఈ పనిలోకి తొయ్యం. ఇష్టం లేనివాళ్లు రేపటినుంచి రాకపోయినా తప్పు లేదు.

అయితే వెట్టిని వదిలేటప్పుడు విద్యను కూడా పారేసుకోవాలా? తంగేడు పువ్వు 2014లో తెలంగాణ రాష్ట్ర పువ్వయింది. బతుకమ్మలో దాన్ని అందరూ పేరుస్తారు. అదే తంగేడు చెక్కను మనవాళ్లు దంచి, లందలో ఊరేసి తోలు పదును చేశారు. తంగేడు చెక్క, కరక్కాయలతో పదునైన తోళ్లు పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి లండన్ కు పోయాయి. అక్కడ వాటిని ఈస్ట్ ఇండియా కిప్స్ అన్నారు. పేరు కంపెనీది, లాభం వర్తకుడిది, కంపు మనది! ఈ లెక్క తిరగెయ్యాలంటే పనీ తెలియాలి, ధరా తెలియాలి.

ఇక పని సంగతి.

మొదటే తోలు పదును చేసే జోలికి పోవద్దు. సున్నం నీళ్లు, క్రోమ్ నీళ్లు వాకిట్లో పారితే పాడయ్యేది మన పేట బావే. పదునైన తోలు కొనుక్కోండి. చెక్కతో పదును చేసిన గేదె తోలు అడగండి. గట్టిగా ఉంటుంది, అంచు నున్నగా తేలుతుంది. క్రోమ్ తోలు మెత్తన, అది తర్వాత చూద్దాం. తోలును చదరపు అడుగు లెక్కన అమ్ముతారు. నేర్చుకునేటప్పుడు తుంపు ముక్కలు చాలు. గేదె తోలు అని రాయించి బిల్లు తప్పక తీసుకోండి. దారిలో ఆపి అడిగేవాళ్లున్న రోజులివి.

వీపు తోలు గట్టిది, పొట్ట తోలు సాగుతుంది. బెల్టును వీపు పొడవునే కొయ్యాలి. ముందు అట్ట మీద నమూనా కత్తిరించి, దాన్ని తోలు మీద పెట్టి గీసుకోండి. రంపె బాగా నూరండి. మొండి కత్తే జారి చెయ్యి తెగ్గోస్తుంది. కత్తి పోయే దారిలో ఎడమ చెయ్యి ఉండకూడదు.

మిషను ఇప్పుడే వద్దు. ఒక దారానికి మైనం పట్టించి రెండు కొసలకూ రెండు సూదులు ఎక్కించండి. కంపాసుతో అంచు వెంట గీత గీసి, మూడు నాలుగు మిల్లీమీటర్లకొక రంధ్రం ఆరెతో పొడవండి. ప్రతి రంధ్రంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా దాటాలి. కుట్టు పొడవుకు నాలుగింతల దారం కావాలి. మిషను కుట్టులో ఒక చోట దారం తెగితే వరసగా ఊడుతుంది. ఈ కుట్టులో ఒక పోగు తెగినా రెండోది పట్టుకుంటుంది. సంఘం కూడా ఇట్లాగే ఉండాలి గదా!

అంచును కాస్త తడిపి నున్నటి కర్రతో రుద్దండి. అతికించే జిగురు వాసన ఒంటికి మంచిది కాదు, తలుపులు మూసిన గదిలో వాడొద్దు. మొదట తాళంచెవుల పట్టీ, తర్వాత బెల్టు, తర్వాత పర్సు. కాలి కొలత కుదరాలి కాబట్టి చెప్పులు చివర.

ఇప్పుడు అసలు పాఠం. ఒక బెల్టుకు తోలు, బకిలు, దారం కలిపి 200 రూపాయలైందనుకోండి. మూడు గంటలు పట్టింది. గంటకు 60 లెక్కన కూలి 180. పనిముట్ల అరుగుదల 20. మొత్తం 400. కొనేవాడు "మన ఊరివాడివే గదా, 250కి ఇయ్యి" అంటాడు. ఇస్తే మీ 180 కూలిలో చేతికి మిగిలేది 30. తక్కినదంతా వెట్టి. కళ్లంలో గింజలకు బదులు నోటు వచ్చింది, అంతే తేడా. అందుకే ప్రతి వస్తువుకూ నోటుబుక్కులో ఈ లెక్క రాయండి. ఒక్కరే బేరమాడితే లొంగిపోతాం, పదిమంది కలిసి ఒకే ధర చెబితే నిలబడతాం.

2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, చెప్పులు కుట్టే పని వాటిలో ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకు 500, పనిముట్లకు 15,000 వరకు, ఆ తర్వాత 5 శాతం వడ్డీకి లక్ష వరకు అప్పు అన్నారు. ఇంటికి ఒక్కరికే. అది ప్రజల సొమ్ము, అడిగి తీసుకోండి. కానీ ఆ కాగితాల్లో కుటుంబ వృత్తి అని రాసి ఉంటుంది. సంతకం పెట్టండి గాని, ఆ మాటను మీ పిల్లల మీద పెట్టకండి. వాళ్లు డాక్టరవుతారో, ప్లీడరవుతారో, డిజైనులు గీస్తారో వాళ్లిష్టం. మీలోనూ చదువు నడుస్తున్నవాళ్లు దాన్ని ఆపొద్దు.

రేపు పొద్దున వచ్చేటప్పుడు ఇంట్లో తెగిపోయిన పాత చెప్పు ఒకటి తెచ్చుకోండి. దాన్ని కుట్టు కుట్టూ విప్పి, ఏ పొర మీద ఏ పొర ఉందో చూద్దాం. పని అక్కడ మొదలవుతుంది.