మరొకరి ఋణము



హిందూపురమునకు సుమారు పదునైదు కిలోమీటర్ల దూరమున లేపాక్షి యున్నది. అచ్చటి వీరభద్రాలయమునకు పోయినవారికి, అసంపూర్ణముగా మిగిలిన కల్యాణమండపముతోపాటు, ఒక గోడమీది రెండు ఎఱ్ఱని మచ్చలను కూడ స్థానికులు చూపుదురు. 16వ శతాబ్దమున అచ్యుతదేవరాయల కాలమందు పెనుకొండ సీమలో అధికారులైన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు ఈ ఆలయమును కట్టించిరి. రాజధనమును అనుమతి లేక వ్యయపరచెనను నింద విరూపణ్ణపై పడినదనియు, అతని కన్నులు తీయింపుడని రాజు ఆజ్ఞాపింపగా, భటులు రాకముందే అతడు తన కన్నులను తానే పెరికి ఆ గోడకు విసరెననియు ఐతిహ్యము. ఇది జరిగిన కథయో కాదో యటుంచి, ఇందలి భావము మాత్రము స్పష్టము. ఎవని అప్పు వాడే తీర్చవలెను. చేసిన కర్మకు ఫలము చేసినవాడే కుడువవలెను. ఇది మనకు చిరపరిచితమైన న్యాయము.

క్రైస్తవ విశ్వాసము ఇచ్చట మరియొక మాట చెప్పుచున్నది. తప్పు చేసినవాడు తీర్చలేని ఋణమును, తప్పెరుగనివాడు ప్రేమచేత తనమీద వేసికొని తీర్చెనని ఆ విశ్వాసము. దీనికి తెలుగు బైబిలు మన ధర్మశాస్త్రముల మాటనే స్వీకరించినది. ఆ మాట ప్రాయశ్చిత్తము. ప్రాచీన యూదులు ఏటేట ఒక దినమును ఇందులకై ప్రత్యేకించిరి. ఆనాడు ప్రధానయాజకుడు రెండు మేకపోతులను తెప్పించి, ఒకదానిని బలి యిచ్చి, రెండవదాని తలపై చేతులుంచి ప్రజల పాపములను ఒప్పుకొని, దానిని అరణ్యమునకు తోలించెడివాడు. అట్టి బలులన్నిటికి పరిపూర్తి యేసు సిలువ మరణమని క్రైస్తవులు నమ్ముదురు. గుఱ్ఱం జాషువ ఆ మహనీయుని కథను తెలుగు పద్యమున నిలిపెను. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది.

కాని న్యాయమెరిగినవాడు ఇచ్చట ఒక ప్రశ్న వేయక మానడు. అప్పునకు పూచీ నిలుచుట కలదు. నేరమునకు పూచీ నిలుచుట కలదా? ఒకని దోషమునకు మరియొకడు బాధపడిన, దోషి యెట్లు నిర్దోషి యగును? ఈ ప్రశ్న క్రైస్తవ పండితులను కూడ కలవరపెట్టినదే. 11వ శతాబ్దము చివర కాంటర్‌బరీ ఆర్చిబిషప్పైన ఆన్‌సెల్మ్ ఒక సమాధానము చెప్పెను. దేవునికి చెల్లవలసిన గౌరవమును మానవుడు చెల్లింపక ఋణపడినాడు. తీర్చవలసినవాడు మానవుడు, తీర్చగలవాడు దేవుడు. కనుక దేవుడే మానవుడు కావలసివచ్చెనని ఆయన వాదము. తరువాతి తరమువాడైన ఆబెలార్డ్ దృష్టి వేరు. సిలువయందలి ప్రేమను చూచి మానవహృదయము కరగి మారుటయే విముక్తి యని ఆయన తలంచెను.

ఈ రెండు వాదములు ఎక్కడ కలియునో, గ్రంథములకంటె ధర్మవరములోని ఒక మగ్గము నాకు బాగుగ బోధించినది. రేడియో పనిమీద ఒక పట్టునేతకారుని యింటికి పోయియుంటిని. ముందునాడు పని నేర్చుకొను కుర్రవాడొకడు ఏమరుపాటున పడుగు తెంపినాడట. వందలకొలది పోగులు తెగినవి. "నష్టము వాని కూలిలో పట్టుకొంటిరా?" అని అడిగితిని.

ఆయన నవ్వినాడు. "వాని కూలెంత సామీ, ఆ నష్టమెంత? ఏడాది పన్జేసినా తీరదు. రాత్రంతా కూచోని నేనే అతికినా. వాడు పక్కన బ్యాటరీ లైటు పట్టుకోని కూచున్న్యాడు."

"ఇక జాగ్రత్తగా ఉండునా?"

"తిట్టింటే రెండు దినాలకు మర్సిపోతాడు. ఆ రాత్రిని మర్సిపోడు."

తెగిన పోగు తనంతట తాను అతుకుకొనదు. ఎవరో ఒకరు నిద్ర మాని కూర్చుండవలెను. క్షమించుట యనగా నష్టము లేదనుట కాదు. ఆ నష్టము నాది యనుట. క్షమ ఉచితముగా లభించినది పొందినవానికే గాని, ఇచ్చినవానికి కాదు. ఆన్‌సెల్మ్ చెప్పిన ఋణము ఆ రాత్రి తీరినది. ఆబెలార్డ్ చెప్పిన మార్పు ఆ దీపము పట్టిన చేతిలో మొదలైనది. కుర్రవాడు నేర్చుకొనవలసిన పని తగ్గలేదు. నేర్చుకొనుటకు ధైర్యము మాత్రము మిగిలినది.

ఈ భావము ఒక జీవితముగా నడచిన నేల కూడ ఈ సీమయే. 1920లో బార్సిలోనాలో జన్మించిన విన్సెంట్ ఫెర్రర్, యువకుడుగా స్పెయిన్ అంతర్యుద్ధమున సైనికుడైనాడు. 1944లో జెస్యూటు సంఘమున చేరి, 1952లో బొంబాయి వచ్చెను. మహారాష్ట్రములోని మన్మాడు రైతుల నడుమ పనిచేయుచుండగా 1968లో దేశము విడువవలసివచ్చెను. తిరిగివచ్చి 1969లో అనంతపురము చేరెను. మరుసటి సంవత్సరము గురుత్వమును విడిచి, ఆన్ పెర్రీని వివాహమాడి, గ్రామీణాభివృద్ధి సంస్థ ద్వారా బావులకు, బడులకు, ఇండ్లకు, వైద్యమునకు తన శేషజీవితమును ధారవోసెను. ఇచ్చటి అనావృష్టికి ఆయన కారకుడు కాడు. ఇచ్చటి అంటరానితనమునకు ఆయన బాధ్యుడు కాడు. అయినను ఆ ఋణములను తనవిగా నెంచి నలుబది సంవత్సరములు ఇచ్చటనే గడపెను. 2009 జూన్ 19న అనంతపురమున కన్నుమూసెను. ధర్మవరమునకు సమీపమున, నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని బత్తలపల్లిలో, సంస్థ ఆసుపత్రి యున్న ఊరిలోనే ఆయన సమాధి యున్నది.

లేపాక్షి గోడ మన న్యాయబుద్ధిని మేల్కొలుపును, దానిని మరువరాదు. తన తప్పును తాను ఒప్పుకొననివానికి ఇతరుల త్యాగము కూడ వ్యర్థమే. కాని ప్రతి యింటను, ప్రతి వీధిలోను, చేసినవాడు తీర్చలేని నష్టములు కొన్ని మిగిలియుండును. పోగు ఎవని చేతిలో తెగినదని విచారించుట సులభము. అతుకుటకు ఎవరు కూర్చుందురను ప్రశ్నకు మాత్రము ఎవరికి వారే సమాధానము చెప్పుకొనవలెను.