విదేశీ వాటాల బేరమున ధరల పటము చెప్పునది ఎంత?
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మన నల్లగొండ, మహబూబునగరు ప్రాంతముల యువకులు పలువురు నేడు చేతిలోని ఫోనుతోనే న్యూయార్కు వాటాలను కొనుచు అమ్ముచున్నారు. అచ్చటి బజారు మన గడియారమున వేసవిలో రాత్రి 7 గంటలకును, శీతకాలమున 8 గంటలకును తెఱచును. ఎప్పుడు కొనవలెను, ఎప్పుడు అమ్మవలెననుటకు వారు ఇండికేటర్లను ఆశ్రయించుచున్నారు. మన విద్యానిధిలో కొంత ధనము ఈ దారిని పెట్టవలెనను సూచన సభ ముందున్నది గనుక నాది కాలక్షేపపు ప్రసంగము కాదు.

దూరపు బజారును కనిపెట్టి బేరము చేయుట మనకు క్రొత్త కాదు. చల్క భూముల ఆముదాలు ఒకప్పుడు ఈ జిల్లాలలో ముఖ్యమైన వాణిజ్యపు పంట. వాటి ధరను నిర్ణయించినది మన గంజ్ కాదు; బొంబాయి వాయిదా బజారును, సముద్రమునకు ఆవల నూనె కొనువారును. అయినను ఆడ్తిదారుడు ధరనొక్కటే చూచి ఊరకుండెడివాడు కాడు. వాన కురిసెనా, పైరునకు పురుగు తగిలెనా, గోదాములలో బస్తాలెన్ని యున్నవని విచారించెడివాడు. విదేశీ వాటా కొను మన యువకునకు సరుకు కనబడదు. ధరల పటమొక్కటే కనబడును.

ఆ పటముపై గీయు గీతలన్నియు గడచిన ధరలనుండి పుట్టినవే. కడచిన 50 దినముల ముగింపు ధరలను కూడి 50చే భాగించినచో 50 దినముల సగటు వచ్చును. 200 దినముల సగటును అట్టిదే. చిన్న సగటు పెద్దదానిని దాటి పైకి పోయినచో కొనుమనియు, క్రిందికి దిగినచో అమ్ముమనియు సంప్రదాయము.

ఇది వట్టి మోసమని నేననను. అమెరికా ఎస్ అండ్ పి 500 సూచీ విషయమున 2007 డిసెంబరులో ఈ గీత అమ్ముమని చెప్పెను. సూచీ అప్పుడు 1,480 దాపున నుండెను. మరల కొనుమన్నది 2009 జూనులో, 900 దాపున. నడుమ వచ్చిన మహానష్టమునుండి గీతను నమ్మినవాడు తప్పించుకొనెను. కాని 2020లో జరిగినది చూడుడు. ఫిబ్రవరి 19న 3,386గా నున్న సూచీ మార్చి 23 నాటికి 2,237కు పడిపోయెను. గీత అమ్ముమన్నది మార్చి 30న, అనగా పతనము ముగిసిన వారమునకు! అప్పటి సూచీ 2,630 దాపు. కొనుమన్నది జూలై 9న, 3,150 దాపున. అమ్మినదానికంటె నూటికి ఇరువది హెచ్చు పెట్టి మరల కొనవలసివచ్చెను. నెమ్మదిగా వచ్చు ఆపదను గీత పట్టుకొనును. పిడుగువలె వచ్చుదానిని పట్టుకొనలేదు. ఏది ఎట్లు వచ్చునో ముందుగా గీతకును తెలియదు.

యంత్రశాస్త్రజ్ఞుడగు వైల్డరు 1978లో ప్రకటించిన ఆర్.ఎస్.ఐ. కూడ ఇట్టిదే. అది 70 దాటినచో ధర మితిమీరినదందురు. బలముగల వాటా వారములకొలది 70కి పైననే యుండి ఇంకను పెరుగుట కలదు.

దీనికి తోడు రూపాయిని డాలరుగను, డాలరును మరల రూపాయిగను మార్చుటకు ఖర్చున్నది. లాభముపై పన్ను కలదు. ఆదాయపు పన్ను లెక్కలో విదేశీ ఆస్తులను చూపవలసియున్నది. రిజర్వు బ్యాంకు నియమము వ్యక్తికి ఏటికి 2,50,000 డాలర్లవఱకు పంప ననుమతించును గాని, విదేశీ బజారున మార్జిను కట్టుటకు పంపనీయదు. మాటిమాటికి కొని అమ్మువారి సంగతి స్వదేశముననే చూడవచ్చును. 2024 సెప్టెంబరున సెబీ ప్రకటించిన పరిశీలన ప్రకారము, 2021–22 మొదలు మూడేండ్లలో మన దేశపు వాటాల వాయిదా, ఆప్షన్ల బేరము చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి.

సొంత సంపాదనలో పోయినను కుటుంబమునకు కొఱత రాని కొంత మొత్తముతో ఎవరైన ఈ విద్య నభ్యసించినచో నాకు ఆక్షేపణ లేదు. ముందొక సంవత్సరము, పైకము పెట్టక, గీత చెప్పినదెల్ల తేదీతో పుస్తకమున వ్రాసికొని ఫలితము చూచుట మేలు.

విద్యానిధి మాట వేఱు. పైన చెప్పిన అనుమతి వ్యక్తులకే గాని సంఘములకును ట్రస్టులకును లేదు. ఒక సభ్యుని పేర పంపుదమనుచున్నారు. అప్పుడు ధనము ఆతని ఖాతాదగును, పన్ను ఆతనిదగును, ఆతనికేమైన నయినచో వారసులను మనము అడుగవలసివచ్చును. హాస్టలు రుసుము జూనులో కట్టవలెను. గీత కొనుమనువఱకు కళాశాల వేచియుండదు. కావున నిధిని బ్యాంకు డిపాజిట్లలోనే యుంచవలెనని రేపటి తీర్మానమునకు నేను సవరణ ప్రతిపాదించుచున్నాను. బలపఱచువారు కార్యదర్శికి నేటి సాయంకాలములోగా పేరు ఇయ్యగోరుచున్నాను.